ఒళ్ళు లేని అక్షరాలు

బాపట్లలో శాలువా కప్పుతున్నప్పుడు యలమందకి చెమట పట్టింది. ఎనభై తొమ్మిదో సంవత్సరం, ఫిబ్రవరి నెల, పొద్దు వాలిన వేళ. సూర్యలంక వైపు నుంచి చల్లగాలి వస్తూనే ఉంది. చెమటకి కారణం ఎండ కాదు, ఎదురుగా వెలుగుతున్న బోర్డు.

కొత్త నాటకాల హాలు ముఖద్వారం మీద పది అడుగుల చెక్క. దాని మీద చిన్న చిన్న బల్బులతో రాసిన "స్వాగతం". రోడ్డున పోయే రిక్షావాళ్ళు కూడా ఆగి చూస్తున్నారు. కమిటీ ప్రెసిడెంటు మైకు పట్టుకుని, "ఇంత చక్కటి అక్షరం ఎవరి చెయ్యండీ?" అని అడిగాడు. తెనాలి నుంచి లైటింగు తెచ్చిన షాపు యజమాని పూర్ణచంద్రరావు ముందు వరసలోంచి లేచి, "మా ఆర్టిస్టు యలమందదండి. ముప్పై ఏళ్ళ చెయ్యి," అన్నాడు. ఇంకేముంది, యలమందని స్టేజీ ఎక్కించారు, శాలువా కప్పారు, జనం చప్పట్లు కొట్టారు.

ఆ అక్షరాలు యలమందవి కావు.

వారం కిందట ఆయన గీసింది వేరు. గుడ్డ బ్యానర్లూ షాపు బోర్డులూ రాసి రాసి పండిన చెయ్యి ఆయనది. అక్షరమంటే ఒళ్ళుండాలి అంటాడు. ఒక చోట లావుగా, ఒక చోట సన్నగా, తలకట్టు దగ్గర కాస్త పొగరుగా. అలాగే గీశాడు. గీసి, ఆ ఒంట్లో ఖాళీ లేకుండా పెన్సిలుతో చుక్కలు నింపాడు. నాలుగు వందల ముప్పై చుక్కలు. బోర్డు కింద కుడి మూల, అలవాటు ప్రకారం, "యలమంద, తెనాలి" అని ఒక్క విసురుతో సంతకం పెట్టాడు. చుక్క చుక్కకీ బెజ్జం వేసి బల్బు బిగించమని వడ్రంగి చిన్నయ్యకి అప్పగించి, చేబ్రోలులో బంధువుల పెళ్ళికి వెళ్ళిపోయాడు. అటునుంచి అటే బాపట్ల వచ్చాడు.

ఇప్పుడు పైన వెలుగుతున్న దానిలో ఒళ్ళు లేదు. ఒకే ఒక్క వరస చుక్కలు. అక్షరం ఎటు తిరిగితే అటు తిరిగి ఊరుకున్నాయి. స కింద వవత్తు కాస్త ఎడంగా, దాని మానాన అది నిలబడింది. సున్నలో ఎనిమిదే బల్బులు. మరీ ఇంత పీలగానా అనుకుని, చెమట తుడుచుకోవడానికి కళ్ళద్దాలు తీశాడు యలమంద. అద్దాలు లేకపోతే పక్కనున్న మనిషి ముఖం కూడా ఆయనకి మసకే. ప్రెసిడెంటు మసకయ్యాడు, మైకు మసకైంది. "స్వాగతం" మాత్రం చదవగలిగాడు.

 తను గీసినట్టే బల్బులు పెట్టి ఉంటే ఆ వెలుగంతా ఒక ముద్దయ్యేదని, దూరం నుంచి ఎవడికీ చదవరాకుండా పోయేదని ఆ నిమిషంలోనే ఆయనకి అర్థమైంది.

బోర్డు పక్కన స్విచ్చి పెట్టె దగ్గర, టెస్టరు పట్టుకుని రిబ్కా నిలబడి ఉంది. షాపులో బల్బులు బిగించే మనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. రోజూ భట్టిప్రోలులో పాసింజరెక్కి తెనాలి వస్తుంది, నేల మీద గోనె పరుచుకుని కూర్చుంటుంది, తీగలు ఒలుస్తుంది, హోల్డర్లు బిగిస్తుంది, సాయంత్రం రైలుకి వెళ్ళిపోతుంది. ఆమె స్టేజీ వైపు చూసింది. శాలువాని చూసింది, యలమందని చూసింది, మళ్ళీ స్విచ్చి పెట్టె మీదకి వంగింది.

మైకు యలమంద నోటి ముందుకి వచ్చింది. "నావి కావండి" అనడానికి రెండు మాటలు చాలు. ఆయన "నమస్కారమండి" అన్నాడు.

మర్నాడు షాపు తెరిచీ తెరవగానే యలమంద రిబ్కా గోనె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. షాపు పొడుగాటి రేకుల షెడ్డు. కిటికీ పక్కన ఎత్తు బల్ల, దాని ముందు స్టూలు. అది ఆర్టిస్టు చోటు. మిగిలిన వాళ్ళందరిదీ నేలే. స్టూలు మీద ఇంకొకరు కూర్చోగా ఎవరూ చూడలేదు, చివరికి పూర్ణచంద్రరావు కూడా దాని మీద కూర్చోడు.

"ఎప్పుడు మార్చావు?" అన్నాడు యలమంద గొంతు తగ్గించి.

"మీరు చేబ్రోలు వెళ్ళిన రోజునండి. చిన్నయ్య బెజ్జాలకి బర్మా పెట్టబోతుంటే ఆపాను. మీ చుక్కల మీద సుద్ద పూసి మళ్ళీ పెట్టాను."

"నా అక్షరం నువ్వు చెరపడమేంటమ్మా?"

రిబ్కా చేతిలో తీగ పక్కన పెట్టింది. "కనపడదండి, బాబాయిగారూ. బల్బంటే రంగు కాదు గదండీ. పెట్టిన చోటే ఉండదు, చుట్టూ పాకుద్ది. రెండు వరసలు పక్కపక్కనే పెడితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. మీరు లేరు, రావుగారు నా మాట వినరు. బాపట్ల వెళ్ళాక కనపడకపోతే మీకే గదా చెడ్డపేరు."

"మరి నిన్న చెప్పలేదేం?"

"నన్నెవరు అడిగారండీ," అంది. ఎత్తిపొడుపుగా కూడా అనలేదు. నిజం అది, అంతే.

యలమందకి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం మనిషిని ఊరికే కూర్చోనివ్వదు. వెళ్ళి స్టూలెక్కి, కడిగిన బ్రష్షులే మళ్ళీ కడిగాడు.

పదకొండింటికి తోమాసు మాస్టారు వచ్చాడు. రేపల్లెలో బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, అక్కడి క్రైస్తవుల గుడి పెద్దల్లో ఒకడు. తెల్లటి పంచె, చేతిలో గొడుగు. వచ్చే ఆదివారం వాళ్ళ గుడికి నూరేళ్ళు నిండుతున్నాయి. గుడి ముందు పెద్ద పందిరి, దాని మీద బల్బుల బోర్డు కావాలి. "నూరేళ్ల పండుగ" అని రాయాలి.

"బాపట్లలో మా అల్లుడు చూశాడండి. రైల్వే గేటు దగ్గర నుంచి చదివాడంట. మాకూ అట్టాగే కాలవ అవతలికి కనపడాలి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జనం పొద్దు గుంకాక నడిచొస్తారు. ముసలీ ముతకా ఉంటారు. దూరం నుంచే చదువుకోవాలి, ఆ సంతోషం వాళ్ళకి ఉండాలి."

"అదెంత పనండీ. మా యలమంద చెయ్యి పడితే గుడ్డివాడికైనా కనపడుద్ది," అన్నాడు పూర్ణచంద్రరావు, టీ తెప్పిస్తూ.

రిబ్కా నేల మీద కూర్చుని తీగ మెలిపెడుతోంది. మెలిపెట్టే చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. అది చూశాడు యలమంద. బాపట్లలో మాట్లాడకపోవడం తొట్రుపాటు అనుకోవచ్చు. ఇప్పుడు మాట్లాడకపోవడాన్ని ఏమనాలో ఆయనకి తెలుసు. తెలిసీ, టీ గ్లాసు అందుకుని, "ఆదివారానికి ఇచ్చేస్తామండి మాస్టారూ," అన్నాడు.

సోమవారం, మంగళవారం ఆయన ఆ ఆరు అక్షరాలతో కుస్తీ పట్టాడు. రిబ్కా పెట్టినట్టే ఒక్క వరసే పెడదామని చూశాడు. చెయ్యి మాట వినలేదు. వంపు రాగానే ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ లావు చేస్తుంది, రెండు చుక్కలు ఎక్కువ పెట్టేస్తుంది. "ళ్ల" దగ్గర మరీ చిక్కు. అసలే చుట్ట చుట్టుకున్న అక్షరం, దాని కింద మళ్ళీ వత్తు. గీయడం, కాయితం గోడకి అంటించడం, షెడ్డు ఆ చివరికి వెళ్ళి కళ్ళద్దాలు తీసి చూడడం. తీస్తే గోడ మీద ఏదో మచ్చ. మళ్ళీ చించడం.

మంగళవారం మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుంటే, తన క్యారియరు పట్టుకెళ్ళి రిబ్కా దగ్గర కూలబడ్డాడు. చిన్నయ్య వింతగా చూసి, చెయ్యి కడుక్కునే వంకతో బయటికి పోయాడు.

"నాకు రావట్లేదమ్మా. గీసిపెడతావా?"

రిబ్కా ముద్ద మింగి, నీళ్ళు తాగింది. "గీస్తానండి. బల్ల మీద గీస్తాను."

"అంటే?"

"మొన్న నేల మీద, మీరు లేనప్పుడు, గబగబా పెట్టాను. దొంగతనం చేస్తున్నట్టనిపించింది. అట్టా ఇంక పెట్టనండి. పట్టపగలు, అందరూ చూస్తుండగా, బల్ల దగ్గర కూర్చుని గీస్తాను. నాకింకేం వద్దు."

"రావుగారేమంటారో."

"అది మీరే అడగాలండి," అని క్యారియరు మూత పెట్టేసింది.

ఆ సాయంత్రం యలమంద ఇంటికి వెళ్ళేసరికి, భార్య సుబ్బాయమ్మ బాపట్ల శాలువాని మంచం మీద పరిచి పక్కింటి వాళ్ళకి చూపిస్తోంది. వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. పెళ్ళైన పాతికేళ్ళలో తన పని గురించి తక్కువ చేసి చెప్పడం అదే మొదటిసారి.

సుబ్బాయమ్మ శాలువా మడత పెడుతూ విన్నది. "కప్పుకుంటే వెచ్చగానే ఉందా?" అని అడిగింది.

 ఆవిడ దాన్ని పెట్టెలో అడుగున పెట్టి, పైన పాత దుప్పట్లు వేసి మూత వేసింది.

బుధవారం పొద్దున్నే ఆయన పూర్ణచంద్రరావు గల్లాపెట్టె దగ్గరికి వెళ్ళాడు. దారి పొడుగునా అనుకున్న మాట ఒకటి. నోట్లోంచి వచ్చింది వేరొకటి.

"రావుగారూ, నాకు చూపు ఆనట్లేదండి. సన్న చుక్కలు గదా. ఈసారికి నేను చెప్తుంటే రిబ్కమ్మ గీస్తుంది. బల్ల దగ్గర కూర్చోపెడతాను."

పూర్ణచంద్రరావు అగరొత్తి తిప్పుతూ ఆగాడు. "బల్ల దగ్గర ఆమెందుకయ్యా? కాయితం నేల మీద పరిచినా గియ్యొచ్చుగా. కస్టమర్లు వస్తా పోతా ఉంటారు. నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

"నేల మీద గీత సమంగా రాదండి," అన్నాడు యలమంద. 

"సరే, నీ ఇష్టం. ఆదివారానికి బోర్డు రేపల్లెలో ఉండాలి, అంతే."

ఇదంతా రిబ్కా వింది. "నేను చెప్తుంటే" అన్న మాట కూడా వింది. లేచి చేతులు కడుక్కుని, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, స్టూలెక్కి కూర్చుంది. కిటికీ వెలుతురు ఆమె చేతుల మీద పడింది. పెద్ద కాయితం మీద పెన్సిలుతో గళ్ళు కొట్టింది. ఒక్కో అక్షరానికి తొమ్మిది గళ్ళ ఎత్తు, కింద వత్తు కోసం మరో ఆరు. తర్వాత పెన్సిలు పైకెత్తి, పూర్ణచంద్రరావుకి వినపడేట్టు, "ఇప్పుడేం గియ్యమంటారండీ బాబాయిగారూ?" అని అడిగింది.

 "నూ... నూ గియ్యమ్మా," అన్నాడు యలమంద. చిన్నయ్య ముఖం తిప్పుకుని నవ్వాడు.

ఆ తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది. ఆమె చుక్కలు పెడుతుంటే యలమంద పక్కన నిలబడి చూశాడు. చుక్క పెట్టే ముందు ఆమె పెన్సిలు గాల్లో ఒకసారి అక్షరం మొత్తం తిప్పుకుంటుంది. వంపు వచ్చిన చోట మూల గడిని ఖాళీగా వదిలేస్తుంది.

"అక్కడ పెట్టవేం?"

"మూలన పెడితే పలకలాగా అవుద్దండి. అది ఒక్కటీ వదిలేస్తే కన్నే గుండ్రంగా తిప్పేసుకుంటది. సున్న చూడండి. నాలుగు పక్కలా రెండేసి చుక్కలు, నాలుగు మూలలూ ఖాళీ. అంతే."

"ఎవరు నేర్పారమ్మా నీకిది?"

"మా అమ్మ మిషనరీ బడిలో కుట్టు నేర్పేదండి. గళ్ళ గుడ్డ మీద బైబిలు వాక్యాలు కుట్టి అద్దాల ఫ్రేము కట్టిస్తారు చూడండి, గోడకి పెట్టుకునేవి. గడికి ఒక్క కుట్టే. నాకు అయిదో ఏట నుంచీ అదే పని. అక్షరం చేత్తో రాయకముందే సూదితో కుట్టాను."

"ళ్ల" దగ్గర ఆమె కూడా ఆగింది. వత్తుని మూడుసార్లు చెరిపింది. చివరికి అక్షరానికీ వత్తుకీ మధ్య రెండు వరసలు ఖాళీ వదిలింది. తర్వాత స్టూలు దిగి, షెడ్డు చివరికి నడిచి, పల్చటి వాయిలు చీర కొంగు ముఖం మీదకి లాక్కుని గోడ వైపు చూసింది. ఎందుకని అడిగాడు యలమంద. కొంగులోంచి చూస్తే దూరం నుంచి చూసినట్టే ఉంటుందట. ఆయన కళ్ళద్దాలు తీశాడు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి, ఒకరు కొంగులోంచి, ఒకరు మసక కళ్ళతో, "నూరేళ్ల పండుగ" చదివారు.

"పం దూరంగా పోయిందమ్మా," అన్నాడు యలమంద. "రెండు మాటల మధ్య ఖాళీ ఎక్కువైంది. ఒక గడి ఇటు జరుపు. డు, గ కూడా దాంతో పాటే."

రిబ్కా కొంగు తీసి, తల పక్కకి వంచి, మళ్ళీ కొంగు వేసుకుని చూసింది. "నిజమేనండి. నాకు తట్టలేదు," అని వెళ్ళి జరిపింది. ముప్పై ఏళ్ళ చెయ్యి ఆ ఒక్క విషయంలో పనికొచ్చినందుకు యలమందకి బాపట్ల చప్పట్లకన్నా ఎక్కువ సంతోషం కలిగింది.

గురువారం బెజ్జాలు. శుక్రవారం తీగలు. అక్కడ పూర్ణచంద్రరావు అడ్డుపడ్డాడు. ఈ బల్బులు పూసగుచ్చినట్టు ఒకే తీగ మీద నలభై దాకా వస్తాయి. వాటిలో ఒక్కటి మాడినా ఆ తీగ మీదున్నవన్నీ ఆరిపోతాయి. మామూలుగా ఒక అక్షరం పూర్తయ్యాక ఇంకో అక్షరానికి తీగ లాగుతారు. రిబ్కా అలా లాగలేదు. చుక్క విడిచి చుక్క ఒక తీగ, మిగిలిన చుక్కలకి ఇంకో తీగ. బోర్డు వెనక అంతా సాలెగూడులా తయారైంది.

"ఇంత తీగ దండగేంటి?" అన్నాడు రావుగారు.

"ఒక తీగ పోయినా రెండోది ఉంటదండి. అక్షరం సగం వెలుగుతో అయినా నిలబడుద్ది."

"పోతే మార్చుకోవచ్చుగా. ఎవరు చెప్పారిట్టా లాగమని?"

రిబ్కా యలమంద వైపు చూడలేదు. యలమందే ముందుకు వచ్చి, "ఉండనివ్వండి రావుగారూ. నాకు మంచిదనిపిస్తుంది," అన్నాడు. రావుగారు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం బోర్డుకి నల్లరంగు వేసి, చుట్టూ తెల్లంచు లాగి, యలమంద కింద కుడి మూల దగ్గరికి వచ్చాడు. బ్రష్షు తెల్లరంగులో ముంచాడు. ముప్పై ఏళ్ళలో సంతకం లేని బోర్డు ఆయన చేతుల్లోంచి బయటికి పోలేదు. కాసేపు వంగి నిలబడి, బ్రష్షుని టర్పెంటైనులో కడిగేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

శనివారం బోర్డుని మెటాడోరు వ్యానుకెక్కించి రేపల్లె తీసుకెళ్ళారు. ముందు సీటులో పూర్ణచంద్రరావు ఎక్కాడు. యలమందని కూడా పిలిచాడు. ఆయన గాలి ఆడదని చెప్పి వెనక ఎక్కాడు, రిబ్కాతోనూ చిన్నయ్యతోనూ కలిసి బోర్డు పట్టుకుని కూర్చున్నాడు. భట్టిప్రోలు దాటుతుండగా రిబ్కా తన ఇంటి సందు చూపించింది. దారంతా మాట్లాడింది అంతే.

పందిరి మీదకి బోర్డు ఎక్కించేసరికి అసుర సంధ్యవేళయింది. గుడి ముందు ఆడవాళ్ళు రేపటి భోజనాలకి కూరగాయలు తరుగుతున్నారు. తోమాసు మాస్టారూ మరో నలుగురు పెద్దలూ రోడ్డు మీదకి వెళ్ళి నిలబడ్డారు. రిబ్కా స్విచ్చి వేసింది.

నూరేళ్ల పండుగ.

కూరగాయలు తరిగే చేతులు ఆగిపోయాయి. ఎవరో ముసలామె కాలవ వంతెన మీద నుంచే గట్టిగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. తోమాసు మాస్టారు కళ్ళు ఒత్తుకున్నాడు. "ఆమె రాత్రి బడిలో నా దగ్గరే నేర్చుకుందండి," అన్నాడు, ఎవరూ అడగకపోయినా.

అప్పుడే కరెంటు పోయింది. రెండు నిమిషాల్లో వచ్చింది, కానీ ఒక్కసారిగా విసురుగా వచ్చింది. బోర్డు భగ్గుమని వెలిగి, బల్బులు కొన్ని టపటపమన్నాయి. పందిరి చుట్టూ వేలాడదీసిన రంగు బల్బుల తోరణాల్లో రెండు పూర్తిగా ఆరిపోయాయి. అందరూ తలలెత్తారు.

"రే" లోనూ "ళ్ల" లోనూ సగం చుక్కలు లేవు. అక్షరాలు రెండూ కాస్త బక్కచిక్కాయి గానీ చెక్కుచెదరలేదు. ఖాళీ అయిన చోట్లని కన్ను తనంతట తానే పూడ్చుకుంది. వంతెన మీద ముసలామె మళ్ళీ మొదటి నుంచీ చదివింది.

తోమాసు మాస్టారు పందిరి దగ్గరికి వచ్చి బోర్డు వెనక తొంగిచూశాడు, తీగలు చూశాడు. పాఠం చెప్పిన మనిషి కదా, విషయం పట్టేశాడు. "చుక్క విడిచి చుక్క లాగారా? రెండు అక్షరాలు మాయమైపోవాల్సింది. ఎవరిదండీ ఈ ఆలోచన?"

"ఇంకెవరిదండీ, మా యలమంద—" అని మొదలుపెట్టాడు పూర్ణచంద్రరావు.

"కాదండి," అన్నాడు యలమంద.

రావుగారు ఆగాడు.  ఈసారి యలమంద మాట దారి తప్పలేదు. "ఆలోచన నాది కాదు. అక్షరాలూ నావి కావు. బాపట్లవి కూడా నావి కావు రావుగారూ. నేను గీసింది పెట్టి ఉంటే అక్కడ ఎవరికీ కనపడేది కాదు. రిబ్కమ్మ నేను లేనప్పుడు మార్చి, నా పరువు కాపాడింది. నేను ఆమె శాలువా కప్పుకుని ఊరుకున్నాను. మొన్న చూపు ఆనట్లేదని మీకు చెప్పింది కూడా వంకే."

 రిబ్కా మాడిన బల్బు ఒకటి చేతిలో పట్టుకుని, దాన్నే చూస్తూ నిలబడింది. పూర్ణచంద్రరావు ముఖంలో రకరకాల రంగులు మారాయి. చివరికి ఆయనలోని వ్యాపారస్థుడే గెలిచాడు. "ఎవరిదైతే ఏంటయ్యా, షాపు మనదేగా," అన్నాడు. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, "అది కాదమ్మా రిబ్కా, నాకు ముందే చెప్పొచ్చు గదా. బల్ల దగ్గరే కూర్చోబెట్టేవాణ్ణి," అన్నాడు.

"సోమవారం నుంచి కూర్చుంటానండి," అంది రిబ్కా.

అది అడగడం కాదు, చెప్పడం. రావుగారు తలూపాడు.

తోమాసు మాస్టారు గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు. "రేపు మీటింగులో ఆర్టిస్టుగారికని శాలువా ఒకటే తెప్పించామండి," అన్నాడు ఇబ్బందిగా.

"ఒకటి చాలండి మాస్టారూ," అన్నాడు యలమంద. "నా దగ్గర ఒకటుంది. అదే ఎక్కువైంది."

అందరూ నవ్వారు. రిబ్కా కూడా నవ్వింది. బాపట్ల నుంచి ఇప్పటిదాకా యలమంద ఆమె నవ్వగా చూడలేదు.

మాడిన బల్బులు వెతికి మార్చి, నిచ్చెన దిగబోతుంటే యలమంద ఆమె చేతికి బ్రష్షూ, తెల్లరంగు డబ్బా అందించాడు. కింద కుడి మూల ఖాళీగా ఉన్న చోటు చూపించాడు.

"పేరు రాయమ్మా."

"దేవుడి గుడి మీద నా పేరెందుకండీ."

"గుడి మీద కాదమ్మా, చెక్క మీద," అన్నాడు కింద నుంచి తోమాసు మాస్టారు.

రిబ్కా కాసేపు బ్రష్షు వైపు చూసింది. తర్వాత దాన్ని తిరగేసి, వెనక కర్ర మొనని రంగులో ముంచి, నల్ల చెక్క మీద ఒక్కో చుక్కా పెట్టసాగింది. యలమంద పక్క నిచ్చెన ఎక్కి టార్చి పట్టుకున్నాడు. రి అయింది. బా అయింది. కింద కవత్తు, ఎడంగా. మొత్తం బెత్తెడు లేదు.

పెట్టడం అయ్యాక ఆమె బ్రష్షు తిరిగి ఆయనకి ఇచ్చింది. "పక్కన చోటుందండి. మీదీ పెట్టండి. పం జరిపింది మీరే గదా."

యలమందకి ఒక్క విసురుతో సంతకం చేసే అలవాటు. బ్రష్షు మామూలుగా పట్టుకోబోయి, ఆగి, ఆమెలాగే తిరగేశాడు. టార్చి ఆమె తీసుకుంది. చెయ్యి కుదరడానికి కాస్త సమయం పట్టింది. మొదటి చుక్క పెట్టాడు, రెండోది పెట్టాడు. "య" వంపు తిరిగే చోటికి రాగానే చెయ్యి తనంతట తానే ముందుకు పోయింది.

"మూలన వద్దండి," అంది రిబ్కా.

యలమంద ఆ చుక్క పెట్టకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.